పక్షుల పద్దు రాసిన మనిషి: డాక్టర్ సలీం అలీ

మన హాస్టల్లో పోటీ పరీక్షలకు చదివే ప్రతి ఒక్కరికీ సలీం అలీ పేరు తెలుసు. బర్డ్‌మ్యాన్ ఆఫ్ ఇండియా ఎవరు అని బిట్ బ్యాంకుల్లో ఒక ప్రశ్న ఉంటుంది. టిక్కు పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోతాం. ఆ ఒక్క మార్కు వెనక తొంభై ఏళ్ళ జీవితం ఉంది. వార్షికోత్సవ సంచికకు ఎవరైనా ప్రముఖుని జీవితం రాయమన్నప్పుడు మేము ఆయన్ని ఎంచుకున్నాం. పక్షుల మీద ఇష్టం ఒక్కటే అందుకు కారణం కాదు. అర్థశాస్త్రంలో ఈమధ్య కాలంలో ప్రకృతి మూలధనపు లెక్కలు అనే కొత్త విషయం వచ్చి చేరింది. అది చదువుతున్నకొద్దీ మాకు సలీం అలీ గారే గుర్తుకొచ్చారు. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ లెక్కల గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి.

దేశ ఆదాయం లెక్కగట్టే పద్ధతి మనకు తెలిసిందే. ఊరి చెరువు పూడ్చి ప్లాట్లు వేస్తే దేశ ఆదాయం పెరిగినట్టు రాస్తారు. అడవి నరికి కలప అమ్మితే అదీ ఆదాయమే. పోయిన చెరువూ పోయిన అడవీ మాత్రం నష్టం కింద ఎక్కడా పడవు. ఒక షావుకారు కొట్లో సరుకంతా అమ్మేసి, గల్లాపెట్టెలో డబ్బు చూసి మురిసిపోయి, ఖాళీ అయిన అరల సంగతి చిట్టాలో రాయకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది ఈ వ్యవహారం. దీన్ని సరిచేయడానికి ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం 2021 మార్చిలో ఆవరణ వ్యవస్థల లెక్కలకు ఒక అంతర్జాతీయ పద్ధతిని ఆమోదించింది. మన కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ కూడా 2018లో పర్యావరణ లెక్కల మీద ప్రచురణలు మొదలుపెట్టింది. అడవికి, నీటికి, నేలకు లాగే ఒక్కో జంతు జాతికీ పక్షి జాతికీ కూడా పద్దు తెరవవచ్చునని ఈ పద్ధతి చెబుతుంది. బి.కాం. చదివే తమ్ముళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మొదట్లో ఎన్ని ఉన్నాయో అది ప్రారంభ నిల్వ. పుట్టినవీ వలస వచ్చినవీ జమ. చచ్చినవీ వేటకు పోయినవీ ఖర్చు. మిగిలినది ముగింపు నిల్వ. దక్షిణాఫ్రికా వాళ్ళు తమ ఖడ్గమృగాలకు 1970 నుంచి 2017 వరకు ఇలాంటి పద్దులు తయారు చేశారు.

వినడానికి సులువుగానే ఉంది. అయితే ప్రారంభ నిల్వ అనే గడిలో అంకె ఎక్కడి నుంచి వస్తుంది? పిట్టలు ఓటర్ల జాబితాలో పేరు రాయించుకోవు కదా. ఎవరో ఒకరు ఎండనకా వాననకా తిరిగి, ఫలానా చోట ఫలానా తేదీన ఫలానా పక్షి ఉంది అని ముందే రాసిపెట్టి ఉండాలి. మన దేశంలో పక్షుల విషయంలో ఆ రాతపనిని ఒక జీవితకాలపు పనిగా చేసుకున్నది సలీం అలీ గారు.

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. ఇంట్లో ఆఖరి సంతానం. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్ళ వయసులో తల్లి చనిపోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం పెంచి పెద్దచేశారు. కొన్ని పుస్తకాలు ఇక్కడ ఆగి ఆయన్ని దిక్కులేని పిల్లవాడిగా చూపిస్తాయి. మాకు అది సరైనదిగా తోచలేదు. త్యాబ్జీలది బొంబాయిలో పేరున్న కుటుంబం. కాంగ్రెస్ మూడో అధ్యక్షుడు బద్రుద్దీన్ త్యాబ్జీ ఆ కుటుంబం వారే. పిల్లవాడికి తిండికీ బట్టకూ లోటు లేదు, ఆడుకోవడానికి ఎయిర్‌గన్ కూడా ఉంది. మనలాంటి వాళ్ళు ఆయన నుంచి తెలుసుకోవలసింది పేదరికం నుంచి పైకి వచ్చిన కథ కాదు, వేరే ఉంది.

ఆ ఎయిర్‌గన్‌తోనే ఆయన మొదటి లెక్క మొదలయింది. తొమ్మిది పదేళ్ళ వయసులో గుర్రాల కొట్టం గోడలో ఒక పిచ్చుక గూడు చూశారు. లోపల ఆడపిచ్చుక గుడ్ల మీద ఉంది, బయట మగపిచ్చుక కాపలా కాస్తోంది. ఆయన మగదాన్ని కొట్టారు. కాసేపటికి ఆడపిచ్చుక ఇంకో మగదాన్ని తోడు తెచ్చుకుంది. దాన్నీ కొట్టారు. అలా ఏడు రోజుల్లో ఎనిమిది మగపిచ్చుకలు. చేసిన పని ముచ్చటైనదేమీ కాదు. కానీ ఆ వయసు పిల్లవాడు ఎన్ని రోజుల్లో ఎన్ని అన్నది కాగితం మీద రాసిపెట్టుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత ఆ కాగితం అచ్చయింది కూడా.

తర్వాత ఒకసారి ఆయన కొట్టిన పిచ్చుకకు గొంతు మీద పసుపుపచ్చని మచ్చ కనిపించింది. అది ఏ జాతిదో మేనమామకు తెలియలేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్ళి అడగమని పంపించారు. అక్కడి గౌరవ కార్యదర్శి మిల్లార్డ్ అనే ఆంగ్లేయుడు పిల్లవాణ్ణి విసుక్కోకుండా కూర్చోబెట్టి, పక్షి పేరు చెప్పి, సొరుగులు ఒక్కొక్కటే లాగి అందులో దాచిన వందల పక్షుల చర్మాలు చూపించారు. ప్రతి పక్షి కాలికీ ఒక చీటీ. చీటీ మీద పేరు, ఊరు, తేదీ. సలీం అలీ గారి దారి ఆ సొరుగుల దగ్గర ఖాయమయిందని ఆయన జీవితం రాసినవారందరూ అంటారు.

చదువు మాత్రం సాఫీగా సాగలేదు. 1913లో అత్తెసరు మార్కులతో మెట్రిక్ గట్టెక్కారు. సెయింట్ జేవియర్ కాలేజీలో చేరి మొదటి ఏడాదే మానేశారు. బర్మాలో తవోయ్ అనే చోట అన్నగారికి టంగ్‌స్టన్ ఖనిజం గని, కలప వ్యాపారం ఉండేవి. సాయం చేయడానికి అక్కడికి వెళ్ళారు. వ్యాపారం కన్నా అడవి పక్షుల మీదే ఎక్కువ ధ్యాస ఉండేదట. 1917లో బొంబాయి తిరిగివచ్చి దావర్స్ కాలేజ్ ఆఫ్ కామర్స్‌లో వాణిజ్య న్యాయం, అకౌంటెన్సీ చదవడం మొదలుపెట్టారు. ఫాదర్ బ్లాటర్ ఆయన ఆసక్తి గమనించి సెయింట్ జేవియర్‌లో జువాలజీ తరగతులకు కూడా రమ్మన్నారు. అలా ఒకే కాలంలో ఇటు జమాఖర్చుల చదువు, అటు జంతుశాస్త్రం చదువు. మాకు ఈ జీవితంలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. నూరేళ్ళ తర్వాత ప్రపంచం కలపబోయే రెండు శాస్త్రాలు ఒక కుర్రవాడి పుస్తకాల సంచీలో పక్కపక్కన ఉన్నాయి. అయితే ఆయన అది తలచి చేసింది కాదు, కుటుంబ వ్యాపారానికి పనికొస్తుందని కామర్స్, మనసుకు నచ్చిందని జువాలజీ, అంతే. 1918 డిసెంబరులో తెహ్మీనా బేగంతో వివాహం జరిగింది. మళ్ళీ బర్మా వెళ్ళారు. వ్యాపారం దెబ్బతిని వెనక్కి వచ్చారు.

ఉద్యోగం కావలసి వచ్చింది. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షి శాస్త్రజ్ఞుని పోస్టు పడింది. యూనివర్సిటీ డిగ్రీ లేదన్న కారణంగా అది ఆయనకు దక్కలేదు. ఇంట్లో మొదటి డిగ్రీ మాదే అయిన మాకు ఈ సంగతి చదివినప్పుడు రెండు రకాలుగా అనిపించింది. డిగ్రీ కాగితం ఎంత అవసరమో మాకు తెలుసు, దానికోసం మా ఇళ్ళల్లో ఏమేం వదులుకున్నారో తెలుసు. ఆ కాగితం లేకపోవడం వల్ల దేశంలో ఆ పనికి అందరికన్నా తగిన మనిషి బయట నిలబడిపోయాడు. ఈ రెండూ నిజమే.

1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా పని దొరికింది. 1928లో సెలవు పెట్టి జర్మనీ వెళ్ళి బెర్లిన్ జువలాజికల్ మ్యూజియంలో ఎర్విన్ స్ట్రెసెమాన్ అనే మహా పండితుని దగ్గర శిక్షణ పొందారు. స్ట్రెసెమాన్‌ను ఆయన జీవితాంతం గురువుగా చెప్పుకున్నారు. పక్షుల కాళ్ళకు ఉంగరాలు తొడిగి వాటి రాకపోకలు కనిపెట్టే విద్య కూడా అక్కడే హెలిగోలాండ్ దీవిలో చూశారు. 1930లో ఇంటికొచ్చేసరికి డబ్బు లేదన్న కారణంతో మ్యూజియం ఆ ఉద్యోగాన్నే ఎత్తేసింది.

బొంబాయికి దగ్గర సముద్రతీరంలో కిహిం అనే పల్లె ఉంది. భార్యాభర్తలిద్దరూ అక్కడికి మకాం మార్చారు. ఖర్చు తక్కువ, చుట్టూ చెట్లు. ఇంటి దగ్గరే గిజిగాళ్ళు గూళ్ళు కట్టుకుంటున్నాయి. మనకు గిజిగాడు అనగానే జాషువా గారి పద్యాలు గుర్తుకొస్తాయి. ఆయనా సలీం అలీ గారూ ఏడాది తేడాతో పుట్టినవారు. ఒకరు ఆ పిట్ట పనితనాన్ని పద్యం చేశారు. మరొకరు చాటున కూర్చుని రోజుల తరబడి ఏ మగపిట్ట ఎన్ని గూళ్ళు మొదలుపెట్టింది, సగం కట్టిన గూటిని ఏ ఆడపిట్ట వచ్చి పరీక్షించింది, ఏది ఒప్పుకుంది అని రాసుకున్నారు. మగపిట్ట ఒక గూడు ఒక ఆడపిట్టకు అప్పగించి, ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకొక దానికి అప్పగిస్తుందని తేలింది. ఆ పరిశోధన 1931లో అచ్చయింది. ఉద్యోగం పోయిన మనిషి, జీతం రాని కాలంలో చేసిన పని ఇది.

ఆ తర్వాత ఆయన చేసిన ఆలోచన సాహసమైనది. దేశంలో అనేక సంస్థానాల్లో ఏయే పక్షులున్నాయో ఎవరూ క్రమపద్ధతిలో చూడలేదు. ప్రయాణానికీ గుడారాలకీ అయ్యే ఖర్చు సంస్థానం ఇస్తే చాలు, తాను జీతం లేకుండా సర్వే చేస్తానని ముందుకొచ్చారు. మొదట ఒప్పుకున్నవాటిలో నిజాం హైదరాబాద్ సంస్థానం ఒకటి. 1931-32లో ఆ సర్వే జరిగింది. నల్లమలలో మన్ననూరు, ఫరహాబాద్ ప్రాంతాల్లో, అంటే చెంచులు నివసించే అమ్రాబాద్ పీఠభూమిలో ఆయన గుడారాలు వేశారు. తెహ్మీనా గారు కూడా వెంట ఉన్నారు. ఉన్నవారింట పుట్టి పెరిగిన ఆమె గుడారాల్లో, ఎడ్లబండి దారుల్లో ఆ సంసారాన్ని ఇష్టంగా నడిపారు. ఇప్పుడు శ్రీశైలం దారిలో బస్సులో పోతూ మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఆగేవాళ్ళలో ఎందరికి ఈ సంగతి తెలుసో!

సర్వే అంటే ఏం చేసేవారు? తెల్లవారకముందే లేచి నడక. నమూనా కోసం పక్షిని చిన్న గుళ్ళతో కొట్టడం. మధ్యాహ్నం చర్మం ఒలిచి ఎండబెట్టి, రెక్క, ముక్కు, కాలు, తోక మిల్లీమీటర్లలో కొలవడం. ఆడదా మగదా, గుడ్లు పెట్టే కాలమా కాదా, కడుపులో ఏ గింజలున్నాయి, ఏ పురుగులున్నాయి అన్నీ చీటీలో రాయడం. పక్షిని ప్రేమించే మనిషి పక్షిని చంపడమేమిటని కొందరు అడుగుతారు. ఆయన ఈ విషయం ఎప్పుడూ దాచలేదు. చేతిలో పట్టి చూడకుండా దగ్గర దగ్గర జాతులను వేరు చేయడం ఆ రోజుల్లో సాధ్యం కాదు. హైదరాబాద్ సర్వే ఫలితాలు 1933-34లో సొసైటీ పత్రికలో భాగాలుగా వచ్చాయి. హ్యూ విస్లర్ అనే ఆంగ్ల పండితుడు వాటికి వ్యాఖ్యలు రాశారు. ఈ విస్లర్ తప్పును సలీం అలీ అంతకుముందు ఒకసారి ఎత్తిచూపారు. విస్లర్ మొదట కోపగించుకుని, తర్వాత తానే మళ్ళీ పరిశీలించి, తప్పు ఒప్పుకుని మంచి స్నేహితుడయ్యారు.

ఒక లోపం కూడా చెప్పాలి. సలీం అలీ గారి సర్వేల్లో ఎక్కువగా ఉండేది ఏ జాతి ఎక్కడ ఉంది, విరివిగా ఉందా అరుదా అన్న సమాచారం. చదరపు మైలుకు ఎన్ని అన్న అంకె ఉండదు. కాబట్టి వాటినుంచి నేరుగా ప్రారంభ నిల్వ రాసేయలేం. అయినా చోటూ తేదీ ఖచ్చితంగా ఉన్నందువల్ల ఎవరైనా మళ్ళీ అక్కడికే వెళ్ళి చూడవచ్చు. కేరళలో అలాగే చేశారు. 1933లో ఆయన తిరువాన్కూరు, కొచ్చి సంస్థానాల్లో సర్వే చేసిన చోట్లకు 2009లో అక్కడి పక్షి పరిశీలకులు తిరిగి వెళ్ళి, ఏవి మిగిలాయో ఏవి పోయాయో పోల్చి చూశారు. అమ్రాబాద్‌లో కూడా ఇలాంటి పని చేయడానికి పాత పుస్తకం సిద్ధంగా ఉంది.

పక్షుల వల్ల మనిషికి కలిగే లాభం గురించి ఆయన పదే పదే రాశారు. పంట పురుగులను తినే పక్షులు, ఎలుకలను పట్టే గుడ్లగూబలు, విత్తనాలు చల్లే పక్షులు. 1932లో పూలకూ పక్షులకూ ఉన్న సంబంధం మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం ప్రచురించారు. మోదుగ, బూరుగ పూచినప్పుడు ఆ చెట్ల మీద జరిగే సందడి మన పల్లెల్లో అందరం చూసిందే. తేనె తాగిన పక్షి పుప్పొడి మోసుకుపోతుంది, చెట్టుకు కాయ కాస్తుంది. నేటి లెక్కల భాషలో దీన్ని ఆవరణ వ్యవస్థ చేసే సేవ అంటారు. నిల్వకు ఒక పద్దు, సేవకు ఒక పద్దు వేరువేరుగా రాస్తారు.

1939లో ఒక చిన్న ఆపరేషన్ తర్వాత తెహ్మీనా గారు చనిపోయారు. ఆ దెబ్బ నుంచి ఆయన తేరుకోవడానికి చాలా కాలం పట్టింది. చెల్లని ఉద్యోగాలకూ గుడారాల బతుకుకూ తోడుగా నిలిచిన మనిషి ఆమె. సలీం అలీ గారి గురించి రాసే చాలా వ్యాసాల్లో ఆమెకు ఒక్క వాక్యం దక్కడం అన్యాయమని మా అభిప్రాయం. 1941లో ఆయన రాసిన భారతీయ పక్షుల పుస్తకం వెలువడింది. సామాన్యుడు కూడా బొమ్మ చూసి పక్షిని గుర్తుపట్టగలిగేలా చేసిన పుస్తకం అది. తర్వాత అమెరికా శాస్త్రవేత్త డిల్లన్ రిప్లీతో కలిసి పది సంపుటాల మహాగ్రంథం 1974కల్లా పూర్తి చేశారు.

ఇక భరత్‌పూర్ సంగతి. రాజస్థాన్‌లోని కేవలాదేవ్ ఘనా అనే తడినేల భరత్‌పూర్ మహారాజుల వేట స్థలం. శీతాకాలంలో మధ్య ఆసియా, సైబీరియాల నుంచి లెక్కలేనన్ని బాతులు వచ్చి దిగేవి. దొరలూ రాజులూ వచ్చి కాల్చేవారు. 1938 నవంబరు 12న, అంటే సరిగ్గా సలీం అలీ గారి 42వ పుట్టినరోజున, వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో 4,273 పక్షులను కాల్చింది. ఆ అంకెను రాతిపలక మీద చెక్కించి పెట్టారు. ఇప్పటికీ అక్కడ చూడవచ్చు. మన దేశంలో పక్షుల ఖర్చు పద్దు ఇంత శుభ్రంగా రాసిన చోటు ఇంకొకటి ఉండకపోవచ్చు. జమ పద్దు రాసిన రాయి మాత్రం లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ నీటిని మళ్ళించి నేల సాగుకు ఇవ్వాలని చుట్టుపక్కల రైతులు అడిగారు. సలీం అలీ గారు విషయాన్ని నెహ్రూ దాకా తీసుకెళ్ళి ఆ తడినేల నిలిచేలా చూశారు. 1957లో మైసూరు రాష్ట్రంలోని క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడటం, మనుషులకు కొత్త జ్వరం రావడం మొదలయింది. ఆ వైరస్‌ను మోసే పిడుదులు వలస పక్షుల మీద దూరదేశాల నుంచి వస్తున్నాయేమోనన్న అనుమానంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ బొంబాయి సొసైటీకి డబ్బు ఇచ్చింది. అలా పెద్ద ఎత్తున ఉంగరాలు తొడిగే పని సాగింది. వలలో పడిన పక్షి కాలికి నంబరు వేసిన ఉంగరం, దాని మీద బొంబాయి సొసైటీకి తెలియజేయమన్న మాట. భరత్‌పూర్‌లో ఉంగరం తొడిగిన బాతులు సోవియట్ దేశంలో దొరికాయి. ఈ ఉంగరాల వల్ల ఒక చిక్కు కూడా బయటపడింది. చలికాలం ఇక్కడ, వేసవి అక్కడ గడిపే పక్షిని ఏ దేశపు ఆస్తిగా రాయాలి? నేటి లెక్కల నిపుణులను కూడా ఈ ప్రశ్న ఇబ్బంది పెడుతూనే ఉంది.

భరత్‌పూర్‌లోనే సలీం అలీ గారి జీవితంలో మాకు కష్టమనిపించిన సంగతి కూడా జరిగింది. పశువుల మేత ఆపాలని గట్టిగా కోరినవారిలో ఆయన ఉన్నారు. 1982లో అది నేషనల్ పార్కు అయ్యాక గేదెలను లోపలికి రానివ్వలేదు. తరతరాలుగా అక్కడ మేపుకుంటున్న గ్రామస్థులు ఎదురు తిరిగారు. పోలీసు కాల్పుల్లో కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత ఏమయింది? గేదెలు తినడం మానేసిన నీటిగడ్డి విపరీతంగా పెరిగి నీళ్ళను కప్పేసింది. బాతులకు ఈదడానికి చోటు తగ్గింది. ఈ విషయం కనిపెట్టింది ఎవరో కాదు, సలీం అలీ గారి సొసైటీయే. 1980ల్లో మొదలై దాదాపు పదేళ్ళు సాగిన దాని పరిశోధనలో మేసే గేదె కూడా ఆ తడినేలకు అవసరమని తేలింది. నివేదిక పూర్తయ్యేనాటికి ఆయన లేరు. తర్వాత గ్రామస్థులను గడ్డి కోసుకోవడానికి అనుమతించారు. పశువులు కాచుకునే ఇళ్ళ నుంచి ఈ హాస్టల్‌కు వచ్చినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. పక్షుల పద్దు రాసేటప్పుడు గేదెను, గేదెను తోలుకొచ్చే మనిషిని వదిలేస్తే లెక్క తప్పుతుందని అక్కడ రుజువయింది. అంతటి అనుభవజ్ఞుడు కూడా దాన్ని ముందుగా చూడలేకపోయారు. కానీ కొలిచి చూద్దామన్న అలవాటు ఆయనదే, ఆ అలవాటే నిజాన్ని బయటపెట్టింది.

ఆ పరిశోధనలో మరో ఫలితం కూడా ఉంది. 1980ల్లో అక్కడ పనిచేసినవారు రాబందులను కూడా లెక్కపెట్టి ఉంచారు. అప్పట్లో రాబందును లెక్కించడం కాకిని లెక్కించినంత అనవసరంగా కనిపించి ఉంటుంది. 1990ల చివర్లో మళ్ళీ లెక్కపెడితే తొంభై శాతానికి పైగా లేవు. పాత అంకె ఉండబట్టి ఇదొక ఉపద్రవమని ప్రపంచానికి చూపించగలిగారు. పశువులకు వాడే డైక్లోఫెనాక్ మందు కారణమని 2004లో తేలింది, 2006లో మన దేశంలో పశువైద్యానికి ఆ మందును నిషేధించారు. 2024లో ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రచురించిన పరిశోధన ప్రకారం రాబందులు పోయి కళేబరాలు కుళ్ళడం, కుక్కలు పెరగడం, నీరు చెడటం వల్ల 2000 నుంచి 2005 వరకు మన దేశంలో సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయారు. ఊరవతల చచ్చిన గొడ్డును ఉచితంగా శుభ్రం చేసిన పక్షి విలువ ఇలా లెక్కకు వచ్చింది, అదీ అది పోయాక. సైబీరియా కొంగల పద్దు ఇంకా దిగులైనది. 1960ల్లో భరత్‌పూర్‌కు వందకు పైగా వచ్చేవి. ఏటేటా తగ్గుతూ 2002లో ఆఖరిసారి కనిపించాయి.

సన్మానాలు ఆలస్యంగా వచ్చినా వరుసగా వచ్చాయి. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్. డిగ్రీ లేదని ఒకప్పుడు పక్కన పెట్టిన మనిషికి విశ్వవిద్యాలయాలు డాక్టరేట్లు ఇచ్చాయి. 1978లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా ఇచ్చింది. పాల్ గెట్టీ బహుమతిగా వచ్చిన డబ్బును పక్షుల రక్షణ నిధికి ఇచ్చేశారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు.

చివరి సంవత్సరాల్లో జరిగిన ఒక విశేషం మన తెలుగు నేలది. కలివికోడి అనే పక్షిని 1848లో జెర్డాన్ అనే మద్రాసు సైన్యపు వైద్యుడు లోకానికి తెలియజేశారు. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. వెతికినవారంతా పగలు వెతికారు. అది రాత్రి తిరిగే పక్షి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ముళ్ళపొదల మధ్య సొసైటీ పరిశోధకులకు అది మళ్ళీ దొరికింది. దొరికింది శాస్త్రజ్ఞుల పరికరాలకు కాదు, ఆ అడవి ఎరిగిన స్థానిక వేటగాడికి, చేతిలోని దీపం వెలుగులో. పట్టుబడిన ఆ పక్షి బతకలేదు. కానీ జాతి బతికే ఉందని తెలిసింది. అప్పటికి సలీం అలీ గారికి 89 ఏళ్ళు. 1987 జూన్ 20న ఆయన బొంబాయిలో కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆ ప్రాంతాన్ని శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించారు. తర్వాత తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల్లోకి వచ్చినప్పుడు, పక్షి అక్కడుందన్న రికార్డు చూపించి కాలువ దారి మార్పించారు.

కంటికి కనిపించని ఆ పక్షిని లెక్కించడానికి 2000 తర్వాత పరిశోధకులు ఒక ఉపాయం కనిపెట్టారు. పొదల మధ్య బాటల వెంట మెత్తటి మట్టి జల్లెడపట్టి పట్టీలుగా పరిచారు. రాత్రి పక్షి నడిస్తే మూడు వేళ్ళ గుర్తు పడుతుంది. పొద్దున్నే వెళ్ళి ఆ గుర్తులను కొలిచి, తీతువు అడుగు ఏదో, కలివికోడి అడుగు ఏదో వేరుచేసి, తేదీ వేసి పుస్తకంలో రాసుకునేవారు. తర్వాత మట్టిని మళ్ళీ చదును చేసి, మర్నాటి పొద్దుటికి సిద్ధంగా ఉంచేవారు.